ఎవరి చెయ్యి ఆగాలి?

తెలుగులో తాకడానికి ఉన్న మాటల్ని ఒకచోట పేర్చి చూస్తే మన సమాజ చరిత్ర చాలావరకు అక్కడే కనిపిస్తుంది. 'ముట్టు' అంటే తాకడం. అదే మాట నామవాచకం కాగానే నెలసరి అవుతుంది. 'అంటు' అన్నా తాకడమే. అందులోంచి అంటరానితనం వచ్చింది, అంటువ్యాధి వచ్చింది, ఎవరో ఒక ఆడమనిషి తోమవలసిన అంట్లు వచ్చాయి. సంస్కృతం నుంచి తెచ్చుకున్న 'బహిష్టు'కి అర్థమే బయట ఉన్నది అని. రెండు చెట్లను కలిపి కట్టే అంటుమామిడి ఒక్కటే ఈ జాబితాలో కాస్త తీపి మాట.

ఆడపిల్లలుగా మనం విన్న తొలి నిషేధాల్లో 'ముట్టుకోకు' ఒకటి. ఊరగాయ జాడీ ముట్టుకోకు, దేవుడి గూడు ముట్టుకోకు, ఆరేసిన మడిబట్ట ముట్టుకోకు, ఆ మూడు రోజులూ ఎవరినీ ముట్టుకోకు. ఈ మాట వెనక ఉన్న పితృస్వామ్యాన్ని స్త్రీవాదులు గట్టిగానే ప్రశ్నించారు. అయితే నెలకి మూడు రోజులు పక్కన కూర్చున్న ఆ స్త్రీయే, మిగతా రోజుల్లో ఇంకో స్త్రీకి పైనుంచి నీళ్లు ఎత్తి పోసిందన్న సంగతిని దళిత స్త్రీలు మనకి గుర్తు చేయవలసి వచ్చింది. ఒకరిది మూడు రోజుల ముట్టు, మరొకరిది జీవితకాలపు ముట్టు. గోగు శ్యామల సంపాదకత్వంలో వెలువడిన 'నల్లపొద్దు' చదివిన తర్వాత ఈ రెండింటినీ ఒకే గాటన కట్టి మాట్లాడటం ఎవరికీ సాధ్యం కాదు.

ఇదంతా మనం ఎన్నోసార్లు చర్చించుకున్నదే. నేనిక్కడ అడగదలచుకున్న ప్రశ్న వేరు. 'ముట్టుకోకు' అనే మాట ఎప్పుడైనా న్యాయమైన మాట అవుతుందా? అయ్యే పక్షంలో, ఆ న్యాయాన్నీ దాని పాత అన్యాయాన్నీ పిల్లలు ఎలా వేరు చేసి చూడగలుగుతారు? ఈ ప్రశ్న నాకు ఏ సెమినార్‌లోనూ ఎదురుకాలేదు. విశాఖపట్నంలో, మోకాటి లోతు కూడా లేని ఒక ఉప్పునీటి గుంట దగ్గర, తొమ్మిదేళ్ల మా అమ్మాయి నోటి నుంచి వచ్చింది.

తెల్లాపూర్ పిల్లలకి సముద్రం దగ్గర్లో లేదు. వాళ్లకి తెలిసిన నీళ్లు స్విమ్మింగ్ పూల్‌లోవి, ట్యాంకర్‌లో వచ్చేవి. పోయిన చలికాలం మా అపార్ట్‌మెంట్‌లోని నాలుగు కుటుంబాల వాళ్లం కలిసి లింగంపల్లిలో రైలెక్కి విశాఖ వెళ్లాం. ఒక రోజు మొత్తం సముద్రానికే అనుకున్నాం. పొద్దున రుషికొండ ఇసుకలో, మధ్యాహ్నం దాటాక నీళ్లు వెనక్కి తగ్గే వేళకి తెన్నేటి పార్కు కింది రాళ్ల మీద. టిక్కెట్లు, హోటలు మగవాళ్లు చూసుకున్నారు. ఏడుగురు పిల్లల టోపీలు, మారుబట్టలు, మంచినీళ్లు, ఎవరికి ఏ మాత్ర పడదో, ఎవరు ఏం తినరో, అన్నీ ఆడవాళ్ల బుర్రల్లో సర్దుకుని వచ్చాయి. ఒక కుటుంబం ఏడాది నిండని బాబుని ఎత్తుకోవడానికి ఆయాని కూడా వెంట తెచ్చుకుంది. యాభై దాటిన మనిషి. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు పల్లె నుంచి కూతురితో పాటు హైదరాబాద్ వచ్చిందట.

విశాఖ దగ్గర ఆటుకీ పోటుకీ మధ్య తేడా మరీ ఎక్కువేం కాదు. పౌర్ణమికీ అమావాస్యకీ కూడా సుమారు ఒకటిన్నర మీటర్లు. కానీ ఆ ఒకటిన్నర మీటర్ల మేరలో ఒక లోకమే ఉంది. అక్కడి రాయి పేరు ఖోండలైట్. తూర్పు కనుమల్లోని కోందు ఆదివాసుల పేరు మీద భూగర్భ శాస్త్రవేత్తలు పెట్టిన పేరది. ఆ రాళ్ల పగుళ్లలో, గుంటల్లో సముద్రం వెనక్కి వెళ్తూ కొంత నీటిని వదిలేసి పోతుంది. ఆ నీటిలో చిన్న చేపలు, నత్తలు, ముళ్ల బంతుల్లాంటి సీ అర్చిన్లు, ఖాళీ నత్తగుల్లల్లో కాపురం పెట్టే సన్యాసి పీతలు, పువ్వుల్లా విచ్చుకుని ఉండే సీ ఎనిమోన్లు. మళ్లీ పోటు వచ్చేదాకా, కొన్ని గంటల పాటు, వాటికి ఆ గుంటే ప్రపంచం. ఎండకి ఆ నీళ్లు వేడెక్కుతాయి, ఉప్పదనం పెరుగుతుంది, వాన పడితే ఒక్కసారిగా తగ్గిపోతుంది. అన్నిటినీ ఓర్చుకోవాలి. రాతికి అంటుకుని ఉండే టోపీ ఆకారపు గుల్ల లింపెట్. అందులో కొన్ని జాతులు పోటు వేళ నాచు మేయడానికి కదిలి, సరిగ్గా బయల్దేరిన చోటికే తిరిగి వస్తాయి. గుల్ల అంచు ఆ చోటికి అమిరిపోయి ఉంటుంది. పక్కకి లాగి పెడితే అది దాని ఇల్లు కాదు. వాల్తేరు రాళ్ల మీది లింపెట్‌ని ఆంధ్ర విశ్వవిద్యాలయంలో జంతుశాస్త్రజ్ఞులు అర్ధ శతాబ్దం కిందటే శ్రద్ధగా అధ్యయనం చేశారు. వాల్తేరు ఇసుక రేణువుల మధ్య బతికే సూక్ష్మజీవుల మీద 1960ల మొదట్లోనే పరిశోధన జరిగింది. విహారానికి వెళ్లే మనకి అది ఫొటోలు దిగే చోటు మాత్రమే.

మాకు దారి చూపించడానికి వచ్చిన యువకుడు పిల్లల్ని కూర్చోబెట్టి నియమాలు చెప్పాడు. రాయి తిప్పకూడదు, కింద నీడలో బతికే వాటికి ఎండ తగిలితే చస్తాయి. గుల్లలు ఏరుకోకూడదు, అవి సన్యాసి పీతలకి రేపటి ఇళ్లు. దేన్నీ లాగకూడదు. ముట్టుకోకూడదు.

మా అమ్మాయి ఒక ఎనిమోన్ దగ్గర బోర్లా పడుకుని చాలాసేపు చూసింది. తర్వాత, "ముట్టుకోవచ్చా?" అంది. వద్దన్నాను. "ఎందుకు? దానికి రోగమా? నా చేతులు మురికా?" అంది.

ఆ రెండు ప్రశ్నల్లోనూ దాని తప్పేమీ లేదు. మనం ఆ మాటకి ఆ రెండు అర్థాలే నేర్పించాం. ముట్టుకోవద్దంటే అవతలిదైనా మురికి కావాలి, నువ్వైనా మురికి కావాలి. 'అది ఉన్న చోట దాన్ని ఉండనివ్వాలి' అనే మూడో అర్థం ఆ మాటకి ఉండొచ్చని ఆ పిల్లకి తట్టలేదు. తట్టేలా మన ఇళ్లలో ఏముంది?

ఇక్కడ స్త్రీవాది అయిన తల్లికి ఒక నిజమైన ఇబ్బంది ఉంది. ఆడపిల్ల చేతుల్ని ఆపడం అనేది మనం ఎదిరించిన పని. బురద ముట్టుకో, వానపాముని ముట్టుకో, స్క్రూడ్రైవర్ ముట్టుకో అని మనమే చెబుతూ వచ్చాం. చూడటం ఒక్కటే తెలిసిన పిల్లకి లోకం బొమ్మలా మిగిలిపోతుంది. పైగా సముద్రపు ఒడ్డుకీ ఆడవాళ్ల జ్ఞానానికీ పాత అనుబంధం ఉంది. ఇంగ్లండులో మార్గరెట్ గాటీ అనే చర్చి పాస్టరు భార్య 1848లో, ఏడో కాన్పు తర్వాత కోలుకోవడానికి సముద్రతీరానికి వెళ్లి నాచుల మీద ఆసక్తి పెంచుకుంది. 1863లో బ్రిటిష్ సముద్రపు నాచుల మీద పెద్ద పుస్తకం తెచ్చింది. ఒడ్డు మీదికి వెళ్లదలచుకున్న ఆడవాళ్లకి అందులో ఆమె ఇచ్చిన సలహా ఏమిటంటే, మగపిల్లలు వేటకి తొడుక్కునే బూట్లు తొడుక్కోండి, పాదాల కింద పడే లంగాలు కురచ చేసుకోండి, చూసేవాళ్లేమనుకుంటారో మరిచిపోండి. విశ్వవిద్యాలయాలు ఆడవాళ్లకి తలుపులు తెరవని కాలంలో ఆ రాళ్లే వాళ్ల ప్రయోగశాల. అక్కడ చేతులు తడుపుకోవడమే ఒక ధిక్కారం.

తర్వాత వంద సంవత్సరాలకి రేచల్ కార్సన్ వచ్చింది. 1955లో సముద్రపు అంచు మీద పుస్తకం రాసింది. ఆ మరుసటేడు, పిల్లలకి ప్రకృతి మీద ఆశ్చర్యం ఎలా కలిగించాలో చెబుతూ ఒక ఆడవాళ్ల పత్రికలో వ్యాసం రాసింది. అందులోని పిల్లవాడు ఆమె అక్క కూతురి కొడుకు. తల్లి చనిపోతే 1957లో ఆ పిల్లవాణ్ణి దత్తత తీసుకుంది. ఆమెకి గుంటల్లో చేతులు పెట్టడం కొత్త కాదు. జీవుల్ని బకెట్‌లో తెచ్చుకుని మైక్రోస్కోపు కింద చూసేది. చూశాక వాటిని తిరిగి తీసుకెళ్లి సముద్రంలో వదిలేసి వచ్చేదని ఆమెని ఎరిగినవాళ్లు చెప్పారు. తిరిగి తీసుకెళ్లడానికి చీకట్లో, జారే రాళ్ల మీద ఇంకోసారి నడవాలి.

ఈ ఇద్దరి మధ్య ఇంకో కథ కూడా ఉంది. 1850లలో ఫిలిప్ గోస్ అనే ప్రకృతి శాస్త్రవేత్త రాసిన పుస్తకాలు ఇంగ్లండులో అక్వేరియం మోజు పుట్టించాయి. మధ్యతరగతి కుటుంబాలు, పిల్లలతో సహా, రైళ్లెక్కి సముద్రతీరాలకి వచ్చి, ఎనిమోన్లని ఉలులతో పెకలించి సీసాల్లో పట్టుకుపోయారు. ఆయన కొడుకు ఎడ్మండ్ గోస్ 1907లో తన జ్ఞాపకాలు రాస్తూ, చిన్నతనంలో తండ్రితో కలిసి చూసిన ఆ గుంటల అందం ఇక లేదని, తండ్రి పుస్తకాలు చదివి వచ్చినవాళ్లే వాటిని ఖాళీ చేశారని బాధపడ్డాడు. వచ్చినవాళ్లెవరూ దుర్మార్గులు కారు. అందరిదీ ప్రేమే. పిల్లలకి చూపించాలన్న తపనే. మనలాంటివాళ్లే. ప్రేమతో ముట్టుకున్న చేతులు వేల సంఖ్యలో కలిసినప్పుడు ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంతకంటే ఉదాహరణ అక్కర్లేదు. కాబట్టి ఆ యువకుడు చెప్పిన నియమం సరైనదే. నా ఇబ్బంది నియమంతో కాదు. దాన్ని చెప్పడానికి మనకున్న భాషతో, ఆ భాష మోస్తున్న బరువుతో.

ఆ మధ్యాహ్నం ఇంకో సంగతి జరిగింది. బాబుని చంకనేసుకుని దూరంగా నిలబడ్డ ఆయా మా అమ్మాయి ముఖం చూసి దగ్గరికొచ్చింది. ఒక చేత్తో బాబుని పట్టుకుని, రెండో చెయ్యి మెల్లగా నీళ్లలోకి దించి, అరచేయి పైకి పెట్టి అడుగున ఆనించింది. "తొందరపడకమ్మా. సెయ్యి నీల్లలో ఎట్టి ఉంచు. దానికి బుద్ది పుడితే అదే ఎక్కుతాది" అంది. ఎంతసేపు గడిచిందో తెలీదు. ఒక సన్యాసి పీత గుల్లలోంచి తల బయటపెట్టి, ఆమె వేలి కొసని తడిమి చూసి, అరచేతి మీదుగా నడిచి అవతలికి దిగిపోయింది. మా అమ్మాయి చెయ్యి పెట్టింది. దాని చేతి మీదికి ఏదీ రాలేదు. అయినా తియ్యలేదు.

వెంటనే బాబు తల్లి పిలిచింది. "చేతులు శుభ్రంగా కడుక్కుని, శానిటైజర్ రాసుకుని, అప్పుడు బాబుని ముట్టుకో." ఆయా లేచి వెళ్లింది. ఒకే గుంట దగ్గర, ఐదు నిమిషాల తేడాతో, ఒకే మాటకి రెండు అర్థాలు పిల్లలందరి ముందూ బయటపడ్డాయి. పీతని ముట్టుకోకపోవడం, ఆయా చేతిని ముట్టుకోనివ్వకపోవడం. నిజానికి ఆ బాబు అంతసేపూ ఆమె చంకలోనే ఉన్నాడు.

ఆమెని ప్రకృతిమాతగా చేసి చూపించడం నా ఉద్దేశం కాదు. శ్రమచేసే స్త్రీని అలా పటం కట్టడం కూడా ఆమెని దూరం పెట్టే పద్ధతే. తిరిగి వస్తున్నప్పుడు ఆమే చెప్పింది, "సిన్నప్పుడు ఈ నత్తల్ని ఉడకబెట్టి కూరొండుకునీవోలం" అని. ఆమె చెయ్యి రాళ్ల మీద ఆకలితో తిరిగిన చెయ్యి. ఏది గుచ్చుతుందో, ఏది తినొచ్చో, ఏది పిల్లలు పెట్టే కాలంలో వదిలెయ్యాలో దానికి తెలుసు. ఆమె ముట్టుకోవడంలో చంపడం కూడా ఉంది. అయినా ఆ అరచేతిలో మాకెవరికీ లేని ఒక మర్యాద కనిపించింది. ఆ మర్యాద ఏమిటన్నదే నా ఆలోచన.

ఏ జంతువుకైనా స్పర్శ లేనిదే బతుకు లేదని, మిగతా ఇంద్రియాలు లేకున్నా బతకొచ్చని అరిస్టాటిల్ అన్నాడు. చూపుకి దూరం కావాలి. కనబడకుండా చూడొచ్చు. స్పర్శలో ఆ వీలు లేదు. నేను ముట్టుకున్న ప్రతిదీ నన్ను ముట్టుకుంటుంది. ఎనిమోన్ విషయంలో ఇది అక్షరాలా నిజం. దాన్ని తాకితే వేలికి జిగటగా అంటుకున్నట్టు అనిపిస్తుంది. అది జిగురు కాదు, దాని సూక్ష్మమైన విషపు కణాలు మన చర్మం మీద పేలడం. మనం దాన్ని ముట్టుకున్నామని అనుకునేలోపే అది మనల్ని ముట్టుకుంది.

అంటరానితనం ఈ రెండు వైపులా ఉండే సంబంధాన్ని తెంచేస్తుంది. 2009లో సుందర్ సరుక్కై అస్పృశ్యత మీద రాసిన ఒక తాత్విక వ్యాసంలో దీన్ని విడమరిచాడు. తనని ఎవరూ తాకకూడదని నిర్ణయించుకున్నది నిజానికి బ్రాహ్మణుడు. కానీ ఆ అస్పృశ్యత బరువుని మోయవలసింది మాత్రం ఇంకొకరు. తన నియమాన్ని తన ఒంటి మీద కాక ఎదుటి మనిషి ఒంటి మీద రాయడం. అక్కడ ఆగవలసిన చెయ్యి ఎప్పుడూ బలహీనుడిదే.

నాకు తోచిన గుర్తు ఇదే. 'ముట్టుకోకు' అన్నప్పుడు ఎవరి చెయ్యి ఆగుతోంది? బలం ఉన్నవాళ్లు తమ చేతిని తాము ఆపుకుంటే అది మర్యాద. బలం ఉన్నవాళ్లు బలం లేనివాళ్ల చేతిని ఆపితే అది అంటు. మాట ఒకటే అయినా ఆ బరువు పడే చోటు వేరు.

ఈ గుర్తుతో చూస్తే కొన్ని సంగతులు తేటపడతాయి. 2020లో కరోనా వచ్చినప్పుడు దూరం పాటించడం అవసరమే. అందరికీ ఒకేలా వర్తిస్తే అది అంటరానితనం కాదు. తెలంగాణలో మొదటి కేసు దుబాయ్ వెళ్లొచ్చిన ప్రయాణికుడిది. కానీ ఎన్నో అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర ముందుగా ఆగిపోయింది ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు. వ్యాధి భయం పోయాక కూడా పనివాళ్లకి వేరే లిఫ్టు, వేరే గ్లాసు చాలాచోట్ల అలాగే ఉన్నాయి.

సముద్రతీరం విషయంలోనూ ఇదే ప్రశ్న వేసుకోవాలి. రక్షించాలన్న మాట గట్టిగా చెప్పాల్సిందే, కానీ ఎవరికి? 2001లో సముద్రపు దోసకాయల్ని వన్యప్రాణి చట్టం మొదటి షెడ్యూల్‌లో చేర్చినప్పుడు మన్నార్ సింధుశాఖలో వాటిని పట్టి బతికేవాళ్ల జీవనం ఒక్కసారిగా పోయింది. అదే ప్రాంతంలో, రామనాథపురం జిల్లాలో, నాచు ఏరుకునే మత్స్యకార స్త్రీలు ఉన్నారు. నేషనల్ పార్కు దీవుల దగ్గరికి రాకూడదని అటవీ సిబ్బంది వాళ్లని అడ్డుకుంటూ వచ్చారు. ఆ స్త్రీలు సంఘం పెట్టుకుని తమ హక్కు కోసం పోరాడారు. దాంతో పాటు తమకి తామే కట్టుబాటు పెట్టుకున్నారు. నెలలో పన్నెండు రోజులే ఏరాలి, రాతిని గీకే ఇనప పనిముట్లు వాడకూడదు. వాళ్లలో ఒకరైన లక్ష్మీ మూర్తికి 2015లో సీకాలజీ బహుమతి వచ్చింది. ముట్టుకోవడమే బతుకైన చేతులు తమని తాము ఆపుకోవడం అది. విశాఖకి తిరిగి వస్తే, నత్తగుల్ల ఏరుకోవద్దని మనం పిల్లలకి చెప్పే చోటికి దగ్గర్లోనే 2021 తర్వాత రుషికొండని యంత్రాలతో తొలిచారు. కొండని తొలిచిన చేతికి 'ముట్టుకోకు' ఆలస్యంగా, కోర్టుల ద్వారా మాత్రమే వినపడింది.

మన తెల్లాపూర్ కూడా ఈ లెక్కలోంచి తప్పించుకోలేదు. ఇక్కడి నల్లరాతి గుండ్ల వయసు రెండు వందల కోట్ల సంవత్సరాల పైమాటే. వానాకాలంలో వాటి గుంటల్లోనూ నీళ్లు నిలిచి, కొన్ని వారాల పాటు చిన్న చిన్న ప్రాణాలు పుట్టి పెరుగుతాయి. మన టవర్లకి పునాదులు వాటిని పేల్చే తవ్వారు. గుల్ల తీసుకోకూడదని పిల్లకి నేర్పే తల్లి, తను నిలబడ్డ అంతస్తు కింద ఏముండేదో కూడా చెప్పాలి. లేకపోతే నియమం పిల్లల చేతులకే, పెద్దల చేతులకి కాదని వాళ్లు తొందరగానే కనిపెడతారు.

ఈ గుర్తు అన్ని చిక్కులూ విప్పదు. ఒకే మనిషి ఒకచోట బలం ఉన్నది, మరోచోట లేనిది. మా అమ్మాయి ఎనిమోన్ ముందు బలవంతురాలు, అక్కడ దాని చెయ్యి ఆగాలి. ఇంకో రెండు మూడేళ్లలో పెద్దమనిషి అయ్యాక ఎవరో ఒకరు ఏదో ఒక దేవుడి గూటి దగ్గర దాన్ని ఆపుతారు, అక్కడ దాని చెయ్యి ఆగకూడదు. ఆయా ఇంట్లో తాగిన గ్లాసుని ఎవరైనా విడిగా పెడితే, ముందుకు వెళ్లి దాన్ని అందుకోవలసినదీ ఆ చెయ్యే. ఎక్కడ ఆపుకోవాలో, ఎక్కడ చాచాలో పిల్లకి ప్రతిసారీ విడిగా ఆలోచించుకునే అలవాటు చెయ్యడం తప్ప ఒకేసారి నేర్పగల సూత్రం నాకు కనిపించలేదు.

ఈ మధ్య మన ఇళ్లలో 'ముట్టు' అనే మాటే పోయింది. పీరియడ్స్ అంటున్నాం, డేట్ అంటున్నాం. మాట పోతే బాధ పోతుందని ఆశ. నాకు మాత్రం ఈ మాటని వదులుకోవాలని లేదు. అరచేయి నీళ్లలో పెట్టి, వచ్చేది రావాలనుకుంటే రానివ్వమని ఎదురుచూడటాన్ని కూడా తెలుగులో ముట్టుకోవడం అనే అనాలి. మా అమ్మాయికి ఆ అర్థం చెప్పింది నేను కాదు. బాబుని ముట్టుకునే ముందు శానిటైజర్ రాసుకోమని చెప్పించుకున్న మనిషి చెప్పింది.